‘తగ్గిందా?’ అని అడిగాక ఇంగ్లీషులో ఏమని రాయాలి

మా డాబా మీద రోజూ సాయంత్రం 5 గంటలకు ఎనిమిది మంది అమ్మాయిలు చేరతారు. అందరూ నర్సింగ్ పూర్తిచేసినవాళ్లే. ఒకరిది నర్సీపట్నం, ఇద్దరిది పలాస, ఒకరిది పాడేరు దాటాక వచ్చే చిన్న ఊరు. బ్రిటన్‌లోనో ఐర్లాండ్‌లోనో ఉద్యోగం కోసం ఓఈటీ పరీక్షకు, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు తయారవుతున్నారు. నేను 34 ఏళ్లు విశాఖపట్నంలో వార్డుల్లో పనిచేసి రిటైరయ్యాను. వ్యాకరణం చెప్పడానికి వాళ్లకు వేరే మాస్టార్లు ఉన్నారు. నేను చెప్పేది రోగి మంచం పక్కన పనికొచ్చే ఇంగ్లీషు. ఎవరు కొత్తగా వచ్చినా నా మొదటి పాఠం ఒకే మాటతో మొదలవుతుంది: తగ్గింది.

ఈ మాట రోజులో ఎన్నిసార్లు అంటామో లెక్కపెట్టండి. జ్వరం తగ్గింది. నొప్పి తగ్గింది. వాపు తగ్గింది. వాన తగ్గింది. పూర్ణా మార్కెట్‌లో టమాటా ధర తగ్గింది. ఆయన కోపం తగ్గింది. నువ్వు బరువు తగ్గావు. మనకు ఒక్క క్రియతో పని నడిచిపోతుంది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు వీటిలో దాదాపు ప్రతిదానికీ వేరే మాట వాడతారు. మన పిల్లలు అన్నిటికీ ‘రిడ్యూస్’ పెట్టేస్తారు. ఎదుటివాళ్లకు విషయం అర్థమవుతుంది, నిజమే. కానీ ఆసుపత్రిలో అంతమాత్రం చాలదు. ఏది తగ్గింది, ఎంత తగ్గింది, దేనివల్ల తగ్గింది అన్నది కూడా ఆ మాటలోనే తెలియాలి. ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో ముందు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. రాత్రి డ్యూటీ. గర్భసంచి ఆపరేషన్ అయిన ఒకావిడ, నలభై దాటిన మనిషి, కిటికీ పక్క మంచం మీద ఉంది. రాత్రి 2 గంటలకు ఇంజక్షన్ ఇచ్చాను. 3 గంటలకు వెళ్లి “తగ్గిందా అమ్మా?” అని అడిగాను. “కొంచెం తగ్గింది సిస్టర్” అంది. కేస్ షీటులో రెండు మాటలు రాశాను: ‘పెయిన్ రిలీవ్డ్’. పొద్దున డ్యూటీ అప్పగించి ఇంటికి వెళ్లిపోయాను. తర్వాతి ఇంజక్షన్ అవసరమైతేనే ఇవ్వమని డాక్టరుగారి ఆదేశం. పొద్దున చూడటానికి వచ్చినవారు నా రాత చదివారు, నొప్పి పోయిందనుకున్నారు, పక్క మంచానికి వెళ్లిపోయారు. రాత్రి నేను మళ్లీ వెళ్లేసరికి ఆమె దిండు గలీబు ఒక అంచు నలిగిపోయి దారాలు ఊడి ఉంది. “నొప్పి లేదని మీరే రాశారట కదమ్మా, మళ్లీ ఎలా అడగను అనుకున్నాను. దీన్ని పళ్లతో పట్టుకుని పడుకున్నాను” అంది. ఆమె మాటలో ‘కొంచెం’ ఉంది. నా రాతలో లేదు. ఆ గలీబు అంచు ఇన్నేళ్లయినా నా కళ్ల ముందు నుంచి చెరగలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మన ‘తగ్గింది’కి రెండు అర్థాలున్నాయి. ఎక్కువగా ఉన్నది తక్కువైంది అన్నది ఒకటి, పూర్తిగా పోయింది అన్నది రెండోది. ‘ఆ డాక్టరు మందుతో మా వాడికి తగ్గింది’ అంటే పూర్తిగా నయమైందనే కదా! ఇంగ్లీషు ‘రిలీవ్డ్’లో కూడా ఇదే గొడవ ఉంది. బాధ కాస్త తేలికపడినా ఆ మాటే, మొత్తం పోయినా ఆ మాటే. అంటే రెండర్థాల మాటను తీసుకెళ్లి ఇంకో రెండర్థాల మాటలో పోశాను.

ముందు తెలుగులోనే మాట మార్చండి

నా పద్ధతిలో మొదటి మెట్టు ఇది. నేరుగా ఇంగ్లీషు మాట కోసం వెతకవద్దు. ‘తగ్గింది’ తీసేసి, దాని చోట తెలుగులోనే అంతకంటే నిక్కచ్చి అయిన మాట పెట్టండి. మనకు ఇలాంటి మాటలు బోలెడున్నాయి, తొందరలో వాడటం మానేశాం. మీ అమ్మమ్మలను అడగండి, వాళ్ల నోట ఇప్పటికీ ఉంటాయి. వాన తెరిపి ఇచ్చింది. గొడవ సద్దుమణిగింది. జ్వరం విడిచింది. మత్తు దిగింది. వాపు తీసింది. కోపం చల్లారింది. వరద తీసింది. మనసు తేలికపడింది. ప్రాణం కుదుటపడింది. జబ్బు తగ్గుముఖం పట్టింది. ఈ మాట ఒకటి దొరికితే ఇంగ్లీషు మాట దాని వెనకే వస్తుంది, ఎందుకంటే ఆ భాషలోనూ ఇవే తేడాలు చూస్తారు.

జ్వరంతో మొదలుపెడదాం. థర్మామీటరులో అంకె దిగితే ‘ద ఫీవర్ హాజ్ కమ్ డౌన్’ అంటారు, లేదా ‘గాన్ డౌన్’ అంటారు. ఒళ్లంతా చెమట పట్టి, దుప్పటి తడిసి, ఒక్కసారిగా జ్వరం విడిచిందనుకోండి, దానికి వాళ్ల మాట ‘బ్రోక్’. జ్వరం విరిగిందన్నమాట. మన ‘విడిచింది’, వాళ్ల ‘విరిగింది’ ఒకే దృశ్యాన్ని చూసి పుట్టాయి: చెమట పట్టిన నుదురు, తెల్లవారుజాము, గుడ్డతో తుడుస్తున్న తల్లి. ‘మై ఫీవర్ రిడ్యూస్డ్’ అని మాత్రం ఇంగ్లీషు ఇంట్లో పుట్టినవాళ్లు ఎవరూ అనరు. మందు జ్వరాన్ని రిడ్యూస్ చేస్తుందంటే చెల్లుతుంది. జ్వరం తనంతట తాను రిడ్యూస్ అయిందంటే వాళ్ల చెవికి వింతగా ఉంటుంది.

వాపుకు ‘గో డౌన్’ చాలు. డాక్టరుకు రాసే ఉత్తరంలో అయితే ‘సబ్‌సైడ్’. లాటిన్‌లో ఈ మాటకు అర్థం కిందికి కూర్చోవడం. మన ‘అణిగింది’కి ఇంత దగ్గరి మాట ఇంకొకటి లేదు. గొడవ అణిగినా, వాపు అణిగినా, వరద నీరు అణిగినా ఇది సరిపోతుంది. నేల కుంగినా ఇదే మాట.

దద్దుర్లు పోతే ‘క్లియర్ అప్’. మత్తు దిగితే ‘వేర్ ఆఫ్’. ఈ చివరిది గట్టిగా పట్టుకోండి, వార్డులో రోజూ పనికొస్తుంది. వార్డులో ఇది ఎక్కువగా మందు ప్రభావానికి వాడే మాట, బాధకు వాడేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మత్తుమందు ‘వేర్ ఆఫ్’ అయిందంటే నొప్పి మళ్లీ మొదలవబోతోందని అర్థం. పోయిన నెల ఒకమ్మాయి మాదిరి సంభాషణలో, రోగికి ధైర్యం చెబుతున్నాననుకుని “మందు ‘వేర్ ఆఫ్’ అవుతుంది, భయపడకండి” అంది. ఆ మాట నిజంగా ఇంగ్లీషు రోగి వింటే గుండె జారిపోతుంది.

బరువు సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. బరువు తగ్గితే ‘లూజ్ వెయిట్’ అంటారు. మనుషులను చూసి ‘యూ హావ్ రిడ్యూస్డ్’ అనడం మన దేశంలోనే చెల్లుతుంది.

తనంతట తగ్గిందా, ఎవరైనా తగ్గించారా

తెలుగులో తగ్గు, తగ్గించు అని రెండు రూపాలున్నాయి. ఒక ‘ఇంచు’ చేరిస్తే చేసేవాడు వచ్చేస్తాడు. ఇంగ్లీషులో అలాంటి తోక లేదు. కొన్ని మాటలు పుట్టుకతోనే తగ్గు వర్గం, కొన్ని తగ్గించు వర్గం, మరికొన్ని రెండు పక్కలా నిలబడతాయి. మన పిల్లలు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే.

సబ్‌సైడ్ తగ్గు వర్గం. నొప్పి సబ్‌సైడ్ అవుతుంది, మీరు నొప్పిని సబ్‌సైడ్ చేయలేరు. లెట్ అప్, డై డౌన్, వేర్ ఆఫ్ కూడా అంతే. రిలీవ్, అలీవియేట్, మిటిగేట్, అలే (allay), సూద్ (soothe) తగ్గించు వర్గం; వీటి అర్థాలు కింద చెబుతాను. వీటికి చేసేది ఒకటి కావాలి, ఆ పని దేనిమీద జరుగుతుందో అదీ కావాలి. మాత్ర నొప్పిని రిలీవ్ చేస్తుంది. ‘ద పెయిన్ రిలీవ్డ్’ అని అక్కడ ఆపేస్తే వాక్యం కుంటుతుంది. నొప్పి దేన్ని రిలీవ్ చేసిందని చదివేవాళ్లు వెతుక్కుంటారు. ‘ద పెయిన్ వాజ్ రిలీవ్డ్’ అనాలి. మధ్యలో ఆ చిన్న ‘వాజ్’ పడితే తగ్గించినది వేరే ఉందని తెలుస్తుంది. రెండు పక్కలా నిలబడేవి ఈజ్, డిక్రీజ్, లెసెన్. నొప్పి తనంతట ఈజ్ అవుతుంది, మందు నొప్పిని ఈజ్ చేస్తుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు ఈజ్ వాడమంటాను. ఎటు తిప్పినా తప్పు కాదు, మంచం పక్కన చెప్పినా, ఉత్తరంలో రాసినా నప్పుతుంది.

రిలీవ్ విషయంలో ఇంకో పేచీ ఉంది, అది విభక్తి లాంటిది. నామవాచకం రిలీఫ్ అయితే ‘ఫ్రమ్’ వస్తుంది: నొప్పి నుంచి ఉపశమనం. క్రియ రిలీవ్‌లో మనిషిని ముందు పెడితే ‘ఆఫ్’ వస్తుంది: ‘రిలీవ్డ్ హర్ ఆఫ్ ద పెయిన్’. మనం తెలుగులో రెండుచోట్లా ‘నుంచి’ అంటాం కాబట్టి రెండుచోట్లా ఫ్రమ్ పెట్టేస్తాం. పాడేరు అమ్మాయి దీనికి తనే ఒక గుర్తు కట్టుకుంది. ‘ఫ’ అక్షరంతో ముగిసే రిలీఫ్‌కు ‘ఫ్ర’తో మొదలయ్యే ఫ్రమ్ తోడు, ‘వ’తో ముగిసే రిలీవ్‌కు ఆఫ్ తోడు. ఆఫ్ చివర ఇంగ్లీషువాళ్లు పలికేది నిజానికి ‘వ’ శబ్దమే, కాబట్టి ఆ గుర్తు పక్కాగా కుదిరింది. ఇప్పుడు మా డాబా మీద అందరూ అదే వల్లెవేస్తున్నారు.

హుద్‌హుద్ నాటి మధ్యాహ్నం

గాలి వాన మాటలు ఎప్పుడు చెప్పినా నేను హుద్‌హుద్ తుపాను దగ్గరికే వెళ్తాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఈ పిల్లల్లో చాలామంది అప్పుడు బడికి వెళ్లే వయసులో ఉన్నారు, అయినా ప్రతి ఒక్కరికీ ఆ రోజు గుర్తుంది. నేను డ్యూటీలో ఉన్నాను. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగులుతుంటే మంచాలను గోడ దగ్గర నుంచి వరండా మధ్యలోకి లాక్కొచ్చాం. మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి గాలి పడిపోయింది. ఆకు కదలలేదు. “అమ్మయ్య, తగ్గింది” అని ఒకాయన లేచి బయటికి వెళ్లబోయాడు. వయసు మళ్లిన ఆయా ఒకామె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. తుపాను కన్ను మా నెత్తిమీదుగా పోతోంది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా తిరగబడింది.

ఆ నడిమి నిశ్శబ్దానికి ఇంగ్లీషు మాట ‘లల్’. తగ్గినట్టు కనిపించి మళ్లీ వచ్చేది. జోలపాటకు వాళ్లు వాడే ‘లల్లబై’ మొదట్లో ఉన్నది కూడా ఈ మాటే. రోగం విషయంలో కూడా ఇలాంటి మోసపు తెరిపి ఉంటుంది. డెంగీలో జ్వరం దిగాకే అసలు ప్రమాదం మొదలయ్యే సందర్భాలు ఉంటాయని నర్సింగ్ చదివినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ ‘ద ఫీవర్ హాజ్ కమ్ డౌన్’ అని రాయవచ్చు, ‘ఇంప్రూవ్డ్’ అని మాత్రం రాయకూడదు.

ఆ సాయంత్రం తర్వాత సంగతులు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో చూడండి. తుపాను ‘వీకెన్డ్’, బలహీనపడింది. గాలి ‘డైడ్ డౌన్’. వార్తల భాషలో ‘అబేటెడ్’ అని రాస్తారు. వాన ‘లెట్ అప్’, మన తెరిపికి సరిగ్గా సరిపోయే మాట. వాన మెల్లగా సన్నబడితే బ్రిటన్‌వాళ్లు ‘ఈజింగ్ ఆఫ్’ అంటారు. వాళ్లకు వాన సంగతి రోజూ మాట్లాడుకునేది, కాబట్టి అక్కడికి వెళ్లిన మొదటి వారంలోనే ఇది మీ చెవిన పడుతుంది. నీళ్లు ‘రిసీడెడ్’, అంటే వెనక్కి తగ్గాయి. జనం ‘రిలీవ్డ్’, ఊపిరి పీల్చుకున్నారు. మనమూ ఊపిరి పీల్చుకుంటాం, వాళ్లూ నిట్టూరుస్తారు. వాళ్ల మాట ‘సై ఆఫ్ రిలీఫ్’.

ఇక్కడే మిటిగేట్ కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది అసలు తుపాను వచ్చాక వాడే మాట కాదు. ముప్పు తీవ్రతను ముందే తగ్గించి పెట్టుకోవడం మిటిగేషన్. తీరం వెంట ఆశ్రయ భవనాలు కట్టడం, కరెంటు తీగలు భూమిలోంచి వేయడం లాంటివి. కేంద్రం ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాల్లో మొదలుపెట్టిన పథకం పేరులో ఉన్నది కూడా ఆ మాటే: జాతీయ తుపాను ముప్పు మిటిగేషన్ ప్రాజెక్టు. తుపాను వచ్చిపోయాక బియ్యం, దుప్పట్లు పంచడం రిలీఫ్. ముఖ్యమంత్రి సహాయ నిధిని ఇంగ్లీషులో రిలీఫ్ ఫండ్ అనేది అందుకే. తలనొప్పిని మిటిగేట్ చేశానని ఎవరూ అనరు. పడిపోయే అవకాశం ఉన్న ముసలాయన మంచానికి పక్క కమ్ములు పెట్టి ఆ రిస్కును మిటిగేట్ చేశాననవచ్చు. ఇంకొక జాగ్రత్త: ‘మిటిగేట్ అగెనెస్ట్’ అనేది తప్పు. అక్కడ రావాల్సింది ‘మిలిటేట్’, అది వేరే మాట, వేరే అర్థం. ఇంగ్లీషువాళ్లు కూడా ఈ పొరపాటు చేస్తారు.

తేలిక, మెత్తన, తీపి

మాటలు గుర్తుండాలంటే వాటి పుట్టుక తెలియడం మంచి సాయం. అలీవియేట్‌లో ఉన్నది లాటిన్ ‘లెవిస్’, అంటే తేలిక. అలీవియేట్ చేయడమంటే బరువు తేలిక చేయడం. మనసు తేలికపడిందని మనం ఎలా అంటామో అలాగే. మూట మొత్తం దించేశామని అందులో లేదు, మోయగలిగేంత చేశామని ఉంది. అందుకే అలీవియేట్ రాసినచోట రోగం నయమైందని అనుకోకూడదు.

ఈ తేడా ప్రభుత్వ పథకాల పేర్లలో కూడా కనిపిస్తుంది. కేంద్రంలో 2017 దాకా ఒక మంత్రిత్వ శాఖ పేరులో ‘అర్బన్ పావర్టీ అలీవియేషన్’ ఉండేది. పేదరికం బరువు తగ్గించడం అన్నమాట. మన దగ్గర పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా పూర్తి పేరులో ఉన్నది ‘ఎలిమినేషన్’, అంటే లేకుండా చేయడం. తెలుగులో రెండిటికీ నిర్మూలన అనే రాసేస్తుంటారు. నిర్మూలన అంటే వేళ్లతో సహా పెకిలించడం. అది ఎలిమినేషన్‌కు సరిపోతుంది, అలీవియేషన్‌కు చాలా పెద్ద మాట. అనువాదం చేసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలని నాకు గట్టిగా ఉంటుంది.

మిటిగేట్‌లో ఉన్నది ‘మిటిస్’, అంటే మెత్తన. అస్వేజ్ (assuage)లో ఉన్నది ‘స్వావిస్’, అంటే తియ్యన. దుఃఖం, ఆకలి, తప్పు చేశామన్న బాధ లాంటివాటికి అస్వేజ్ వాడతారు. పుస్తకాల్లో ఎక్కువ, మాటల్లో తక్కువ. అర్థం తెలుసుకుంటే చాలు, పరీక్షలో వాడనక్కర్లేదు. అలే మాత్రం నేర్చుకోవాలి. భయం, అనుమానం, ఆందోళన, ఈ జాతివాటికి ఇది చక్కగా నప్పుతుంది. ‘రోగి భయాలను అలే చేశాను’ అని ఉత్తరంలో ఒక్కసారి రాస్తే చదివేవాళ్లకు వెంటనే బోధపడుతుంది. దాని పాత అర్థం కింద పడుకోబెట్టడం. ఏడ్చే బిడ్డను భుజం మీంచి దించి పడుకోబెట్టినట్టు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సూద్. ఇది లాటిన్‌ది కాదు, పాత ఇంగ్లీషు మాట. మొదట దాని అర్థం నిజమని చూపించడం. తర్వాత ఎదుటివాడి మాటకు ‘అవును, నిజమే’ అంటూ తల ఊపడం అయింది. అక్కడి నుంచి శాంతింపజేయడం దాకా వచ్చింది. మంచం పక్కన నిలబడినవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు. నొప్పితో మూలుగుతున్నావిడతో ‘ఏం లేదమ్మా, ఏం లేదు’ అంటే ఆమె ఇంకా బిగుసుకుపోతుంది. ‘అవునమ్మా, నొప్పిగానే ఉంటుంది, నాకు తెలుసు’ అని చెయ్యి పట్టుకుంటే భుజాలు కాస్త వదులవుతాయి. దాన్ని నేను నా చేతుల్లో ఎన్నోసార్లు తెలుసుకున్నాను. కాలిన చర్మానికి చల్లటి లేపనం, ఏడ్చే పసివాడికి జోల, గొంతు మంటకు తేనె, ఇవన్నీ సూద్ చేస్తాయి. ధరలను, వానలను ఏదీ సూద్ చేయదు.

ఉపశమన చికిత్స అని మనం అనే ‘పాలియేటివ్’ మాటలో ఉన్నది లాటిన్ ‘పాలియం’, ఒంటిమీద కప్పుకునే వస్త్రం. రోగం లోపల ఉంటుంది, పైన ఆదరంగా దుప్పటి కప్పుతాం. ఈ మాట అర్థం తెలిశాక ఆ వార్డులో పనిచేయడానికి భయం పోయిందని ఒకమ్మాయి చెప్పింది.

ఇబ్బంది పెట్టే రిలీవ్‌లు

మన ఆఫీసుల్లో ఉద్యోగం మానేస్తే రిలీవ్ అయ్యామంటాం, రిలీవింగ్ లెటర్ అడుగుతాం. బ్రిటన్‌లో ఆ పేరు చెబితే చాలామందికి అర్థం కాదు. అక్కడ ‘రిలీవ్డ్ ఆఫ్ హర్ డ్యూటీస్’ అంటే మర్యాదగా తీసేశారని అర్థం వస్తుంది. ఇంటర్వ్యూలో ‘గత ఆసుపత్రి నుంచి నన్ను రిలీవ్ చేశారు’ అంటే వాళ్లు కారణం అడుగుతారు. ‘లెఫ్ట్’ అనండి, చాలు. రాత్రి నర్సును పగటి నర్సు రిలీవ్ చేయడం మాత్రం అక్కడా ఉంది, అది వాడుకోవచ్చు.

‘రిలీవ్ వన్‌సెల్ఫ్’ అంటే ఒంటికి వెళ్లడం. బాధ తీరిందని చెప్పబోయి ‘ఐ రిలీవ్డ్ మైసెల్ఫ్’ అనకండి.

ఇంకోటి, ఆదివారం పని లేక కాళ్లు చాపుకుని కూర్చుంటే మనవాళ్లు ‘రిలీఫ్‌గా ఉంది’ అంటారు. ఇంగ్లీషులో రిలీఫ్ ఉండాలంటే అంతకు ముందు ఒక భయమో బరువో ఉండాలి. బయాప్సీ ఫలితం మంచిదని వస్తే రిలీఫ్. గుండెల మీద కుంపటి దిగితే రిలీఫ్. బీచ్ రోడ్డులో కూర్చుని మురీ మిక్చర్ తింటే అది ‘రిలాక్స్‌డ్’. రోగి తల్లితో ‘యూ మస్ట్ బీ రిలీవ్డ్’ అన్నారంటే, ఆమె ఇంతసేపూ పడ్డ ఆందోళనను మీరు చూశారని ఆమెకు తెలుస్తుంది. సరైన చోట వాడితే అంత ఆదరమున్న మాట అది.

పలకడం దగ్గర ఒక్క జాగ్రత్త. రిలీవ్డ్‌లో ‘లీ’ దీర్ఘం. దాన్ని కుదించి, ముందున్న ‘రి’ని సాగదీస్తే ‘రీలివ్డ్’ అవుతుంది, మళ్లీ అనుభవించానని అర్థం. ఊరట చెందానని చెప్పబోయి ఆ కష్టమంతా మళ్లీ పడ్డానని చెప్పినట్టవుతుంది. ఈజ్ చివర శబ్దం మన ‘జ’ కాదు, తేనెటీగ ఝుంకారంలాంటిది. సూద్ చివర నాలుక కొన పళ్ల మధ్యకు రావాలి. అద్దం ముందు పెట్టుకుని చూసుకోండి, నాలుక కనిపించకపోతే తప్పు పలికినట్టే.

ఎంత తగ్గిందో రాయడం

చివరిగా నా గలీబు కథ దగ్గరికి వస్తున్నాను, ఎందుకంటే అసలు పని ఇక్కడుంది. ఓఈటీలో మాట్లాడే భాగంలో రెండు సంభాషణలుంటాయి, ఒక్కోటి 5 నిమిషాలు. రాసే భాగంలో 180 నుంచి 200 మాటల ఉత్తరం ఉంటుంది. రెండిటికీ ఒకే మాటలు పనికిరావు.

రోగితో మాట్లాడేటప్పుడు అలీవియేట్ అనకండి. ‘దిస్ విల్ హెల్ప్ విత్ ద పెయిన్’ అనండి. నొప్పి మొత్తం పోదని, పదును మాత్రం తగ్గుతుందని చెప్పాల్సి వస్తే ‘టేక్ ద ఎడ్జ్ ఆఫ్’ అని వాళ్లకు ఒక చక్కటి పలుకుబడి ఉంది. కత్తి అంచు తీసేసినట్టు. నిజాయితీ గల మాట అది, లేని ఆశ పెట్టదు.

ఉత్తరంలో మాత్రం మెట్లు పాటించండి. కాస్త తగ్గితే ‘ఈజ్డ్’ లేదా ‘పార్షియల్లీ రిలీవ్డ్’. మందుతో అదుపులో ఉంటే ‘వెల్ కంట్రోల్డ్’. పూర్తిగా పోతే ‘రిజాల్వ్డ్’. ఈ చివరి మాటను వైద్యులు మొత్తం పోయిందన్న అర్థంలోనే చదువుతారు, కాబట్టి ఒక్క శాతం మిగిలి ఉన్నా వాడకండి. ‘బెటర్’ కూడా మన ‘తగ్గింది’ లాగే రెండు వైపులా లాగుతుంది, కేస్ షీటులో దాన్ని ఒంటరిగా వదలవద్దు. అన్నిటికంటే మేలు, సున్నా నుంచి 10 దాకా ఉన్న నొప్పి కొలతలో రోగి చెప్పిన అంకె వేయడం. ఇంజక్షన్‌కు ముందు 7, గంట తర్వాత 4. అంకె పక్కన మాట రాస్తే తర్వాత వచ్చే నర్సు తప్పుగా అర్థం చేసుకోవడానికి వీలుండదు.

ఇంట్లో చేయాల్సిన అభ్యాసం ఇది. ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు ‘తగ్గింది’ అన్నారో ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. నాన్నగారి మోకాలు, పక్కింటి గొడవ, గ్యాసు ధర, ఏదైనా సరే. ప్రతిదాని ఎదురుగా ‘తగ్గింది’ బదులు ఇంకో తెలుగు మాట రాయండి. తర్వాతే ఇంగ్లీషు. కాగితంలో రిడ్యూస్ రెండుసార్ల కంటే ఎక్కువ కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి రాయండి. రేపు 5 గంటలకు నేను అడిగే మొదటి ప్రశ్న నాన్నగారి మోకాలి గురించే: ఎంత తగ్గిందన్నారు, మీరేం రాశారు?